ముడి మీద ముడి

జనుము నారకు మన పల్లెల్లో ఎన్ని పనులో! పశువుకు పలుపు, బావికి చేంతాడు, బండికి మోకు, మంచానికి నులక, వంటింట్లో ఉట్టి. చేను కోసి, కట్టలు కట్టి, చెరువులో నానేసి, మెత్తబడ్డ బెరడు ఒలిచి, ఉతికి ఆరబెట్టి, పురిపెట్టి పేనితే ఒక తాడు తయారవుతుంది. ఇంత చాకిరీ చేయించుకున్న తాడుకు చివరికి దక్కే చోటు కొట్టంలో ఓ మూల. సరిగ్గా అలాంటి తాడునే ఢిల్లీ బజారులో కొని, రంగుల్లో ముంచి, మగ్గమూ ఉలీ లేకుండా వట్టి చేతులతో ముడులు వేసి, మనిషికన్నా ఎత్తయిన మూర్తులను నిలబెట్టారు మృణాళినీ ముఖర్జీ. యక్షి, దేవి, రుద్ర, వనరాజ, పుష్ప్ అని వాటికి పేర్లు. తాడు శిల్పమవుతుందని ఈ దేశంలో గట్టిగా నిరూపించిన మొదటి మనిషి ఆమె.

ఆ రుజువును లోకం ఒప్పుకోవడానికి మాత్రం దాదాపు ఒక జీవితకాలం పట్టింది. నార కళ చరిత్ర అంతా ఇంచుమించు ఇదే కథ. పని చేసిన చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. పని జరిగింది ఇళ్లలో, నేలమాళిగల్లో, అద్దె గదుల్లో. దాన్ని కళ అనాలా, చేతిపని అనాలా అన్న తీర్పు మాత్రం ఎప్పుడూ ఇంకెవరో చెప్పారు.

మృణాళిని 1949లో బొంబాయిలో పుట్టారు. తండ్రి బినోద్ బిహారీ ముఖర్జీ శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్ శిష్యుడు, ఆ తర్వాత అక్కడే గురువు. హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు సాధుసంతుల జీవితాలను చిత్రించిన వాడు. చిన్నప్పటి నుంచీ చూపు తక్కువే. 1950ల్లో కంటి ఆపరేషన్ తర్వాత ఆ కాస్త చూపూ పోయింది. అయినా పని మానలేదు. కాగితాలు కత్తిరించి అతికించారు, మైనంతో బొమ్మలు చేశారు, గోడకు పలకలతో కుడ్యచిత్రం కూర్చారు. ఆయన మీద సత్యజిత్ రాయ్ 1972లో 'ది ఇన్నర్ ఐ' అనే డాక్యుమెంటరీ తీశారు. తల్లి లీలా ముఖర్జీ కొయ్యలోనూ కంచులోనూ పనిచేసిన శిల్పి. కొయ్య చెక్కడం ఆమె నేర్చుకున్నది ఒక నేపాలీ పనివాడి దగ్గర. కన్ను చేయలేని పనిని చేయి చేస్తుందని, పనివాడు గురువు కాగలడని ఆ ఇంట్లో పిల్లకు ఎవరూ పాఠంగా చెప్పనక్కర్లేకపోయింది. అది రోజూ కళ్లెదుట జరిగేది.

చదువు డెహ్రాడూన్‌లో, సెలవులు శాంతినికేతన్‌లో. ఒక పక్క హిమాలయాల పాదాల దగ్గరి అడవులు, ఇంకో పక్క బీర్భూమ్ ఎర్రమట్టి, తాటిచెట్లు. ఆ తర్వాత బరోడా. మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చిత్రలేఖనంలో డిగ్రీ, ఆపైన కుడ్యకళలో పోస్ట్ డిప్లొమా. అక్కడ ఆమెకు గురువు కె.జి. సుబ్రమణ్యన్.

ఈ గురువు దగ్గర కాసేపు ఆగాలి. సుబ్రమణ్యన్ కేరళలో పుట్టి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లి, శాంతినికేతన్‌లో బినోద్ బిహారీ దగ్గర చదివారు. అంటే తండ్రి శిష్యుడే కూతురికి గురువయ్యాడు. 1959 నుంచి 1961 దాకా అఖిల భారత చేనేత బోర్డులో డిజైన్ విభాగానికి డిప్యూటీ డైరెక్టరుగా పనిచేసి, నేతగాళ్ల మధ్య తిరిగి వచ్చారు. బొమ్మలు చేశారు, మట్టి పలకల మీద కథలు చెక్కారు, పిల్లల పుస్తకాలు రాసి బొమ్మలు వేశారు. పనివాడి నైపుణ్యానికీ కళాకారుడి ఊహకూ మధ్య గోడ కట్టడం మన సంప్రదాయం కాదని ఆయన జీవితమంతా వాదించారు. బరోడా ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్‌లో గురువులూ శిష్యులూ కలిసి బొమ్మలు, నగలు, ఆట వస్తువులు చేసి అమ్మేవారు. మన కె. లక్ష్మాగౌడ్ 1963 - 65 మధ్య ఆయన దగ్గరే కుడ్యకళ చదివారు. తోట వైకుంఠం కూడా ఆ బరోడా బడిలో ఆయన దగ్గర నేర్చుకున్నవారే. లక్ష్మాగౌడ్ తర్వాతి కాలంలో ఎచింగ్ నుంచి మట్టికీ కంచుకూ అంత సులువుగా ఎలా మారగలిగారో తెలియాలంటే ఆ బడి వాతావరణం తెలియాలి.

కుడ్యకళ చదువులో గోడకు పనికొచ్చే ప్రతి పదార్థాన్నీ పరీక్షించి చూడమనేవారు. ఇటాలియన్ ఫ్రెస్కో ఉండేది, మన దేశపు పాత పద్ధతులు ఉండేవి, నార ఉండేది. మృణాళిని చేతికి నార తగిలింది, ఇక వదల్లేదు. 1972లో చేసిన 'స్క్విరెల్' ఆమె తొలి నార పనుల్లో ఒకటి. ఆ ఏడాదే ఢిల్లీలోని శ్రీధరణి గ్యాలరీలో మొదటి ప్రదర్శన. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు.

సముద్రాలకు అవతల ఈ నార కళ కథ అప్పటికే అర్ధశతాబ్దంగా నడుస్తోంది. 1919లో జర్మనీలోని వైమర్‌లో వాల్టర్ గ్రోపియస్ బౌహౌస్ కళాశాల తెరిచినప్పుడు ఆడా మగా తేడా లేదన్నాడు. ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో రావడంతో వాళ్లలో ఎక్కువ మందిని నేత విభాగానికి తోలేశారు. 1922లో చేరిన ఆనీ ఆల్బర్స్ గాజుపని చేయాలనుకున్నారు. దొరికింది మగ్గం. మొదట్లో దారం మీద ఆమెకు ఏమంత మనసు లేదు. తీరా కూర్చున్నాక ఆ మగ్గం మీదే ఇరవయ్యో శతాబ్దపు గొప్ప నేతగత్తె అయ్యారు. సభామందిరంలో ధ్వని ప్రతిధ్వనించకుండా పీల్చుకుంటూ, వెలుతురును మాత్రం తిప్పికొట్టే గోడగుడ్డను సెల్లోఫేన్ కలిపి నేసి, 1930లో దానితో డిప్లొమా తీసుకున్నారు. నాజీలు వచ్చాక 1933లో భర్త జోసెఫ్ ఆల్బర్స్‌తో కలిసి అమెరికాలోని నార్త్ కరోలినాకు, బ్లాక్ మౌంటెన్ కాలేజీకి వెళ్లిపోయారు. అక్కడి నుంచి మెక్సికోకు పదేపదే ప్రయాణాలు చేశారు. తన అసలు గురువులు ప్రాచీన పెరూ నేతగాళ్లేనని ప్రకటించారు. 1949లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఒక నేత కళాకారిణి పనికి మొదటిసారి సొంత ప్రదర్శన ఇచ్చింది. ఆ కళాకారిణి ఆనీయే. మృణాళిని పుట్టిన ఏడాది అది.

నేతను గోడ మీది నుంచి గాలిలోకి, నేల మీదికి తెచ్చిన ఘనత పోలండ్‌కు చెందిన మాగ్దలేనా అబకనోవిచ్‌ది. 1930లో పుట్టిన ఆమె యుద్ధంలో తల్లి చేయి తూటాలకు తెగిపోవడం చూశారు. వార్సాలో ఒంటిగది ఇల్లు. ఓ పెద్ద నేతగత్తె నేలమాళిగలోని మగ్గం అరువు. ఓడరేవుల్లో పారేసిన పాత సిసల్ తాళ్లను తెచ్చి, పురి విప్పి, కడిగి, రంగేసి మళ్లీ నేసేవారు. స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో 1962లో మొదలైన అంతర్జాతీయ టాపెస్ట్రీ బియెనాలెకు (రెండేళ్లకోసారి జరిగే ప్రదర్శన) ఆమె పంపిన పని అక్కడి మర్యాదస్తులను కంగారు పెట్టింది. టాపెస్ట్రీ అంటే చిత్రకారుడు గీసిచ్చిన నమూనాను నేతగాళ్లు నేసిపెట్టడమే అప్పటిదాకా. ఈమె నమూనా లేకుండా తానే నేసింది, అదీ ముతకగా, గరుగ్గా. 1965లో సావో పాలో బియెనాలెలో స్వర్ణ పతకం వచ్చింది. ఆ దశాబ్దం చివరికి పైకప్పు నుంచి వేలాడే ఆ భారీ నార ఆకారాలకు ఆమె పేరు మీదే 'అబకాన్లు' అన్న పేరు స్థిరపడింది. 1969 నాటి 'అబకాన్ రెడ్' దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు. ఇప్పుడు లండన్ టేట్ మ్యూజియంలో ఉంది.

అమెరికాకు చెందిన షీలా హిక్స్ ఇంకో దారి పట్టారు. చిలీ, మెక్సికో తిరిగి పారిస్‌లో స్థిరపడ్డ ఈమె 1966లో కేరళకు వచ్చి, కోళిక్కోడ్‌లోని కామన్‌వెల్త్ ట్రస్ట్ మగ్గాల దగ్గర మలబారు నేతగాళ్లతో కలిసి పనిచేశారు. అక్కడ పుట్టిన ఒక దళసరి నేతకు 'బడగరా' అని ఆ పక్క ఊరి పేరే పెట్టారు. నార కళ ప్రయాణాల్లో సరుకు ఒక్క వైపే నడవలేదనడానికి ఇదొక సాక్ష్యం.

మృణాళినిని ఈ వరసలో చివర నిలబెట్టాలని ఎవరికైనా అనిపించవచ్చు. అది సరికాదు. ఆనీ చేతిలో మగ్గం ఉంది, అబకనోవిచ్ కూడా మగ్గం మీదే మొదలుపెట్టారు. మృణాళిని చేతిలో ముడి తప్ప ఏమీ లేదు. ఆ ముడి ఆమెకు యూరపు నుంచి రానక్కర్లేదు. నులక మంచం, ఉట్టి, చిక్కం, వల ఉన్న దేశంలో పుట్టారామె.

ఇక ఆమె రోజువారీ పని. బజారు నుంచి తెచ్చిన తాడు ఒక్క తీరున ఉండదు. ఒక చోట లావు, ఒక చోట సన్నం, మధ్యలో పిడచలు. ముందు లావును బట్టి వేరు చేయాలి. చిక్కు విప్పాలి. తర్వాత రంగు. ఊదా, ఆవపిండి పసుపు, పాచి ఆకుపచ్చ, కాలిన ఇటుక, కాఫీ గోధుమ. జనుము రంగును పూర్తిగా తాగదు. తన మట్టి ఛాయను కొంత అట్టే పెట్టుకుంటుంది. అందుకే ఆమె శిల్పాల్లో ఎంత ముదురు ఊదాలోనైనా లోపల ఒక నేల రంగు కనిపిస్తూ ఉంటుంది. రంగుతాళ్లు ఆరాక ముడులు మొదలు. ఒక సహాయకుడో సహాయకురాలో పక్కన ఉండి తాడు అందించడం, బిగించడం చేసేవారు. ముడి ముడికీ లాగి బిగించాలి. వేళ్లు ఒరుసుకుపోయే పని.

గీత ముందు గీసుకోరు. చిన్న నమూనా చేసుకోరు. ఒక మూల నుంచి మొదలెడితే ముడి వెంట ముడి వెళ్తూ అల్లిక తానే మలుపు తిరుగుతుంది. ఒక మడత వస్తుంది. ఆ మడత పెదవిలా విచ్చుకోవాలా, గూడులా మూసుకోవాలా అన్న నిర్ణయం అప్పటికప్పుడే. చేసిన ముడిని విప్పి వెనక్కి వెళ్లడం దాదాపు అసాధ్యం కాబట్టి ప్రతి నిర్ణయాన్నీ భరించాల్సిందే. పెద్ద శిల్పానికి నెలలు పట్టేది, ఒక్కోసారి ఏడాది దాటేది. బరువు పెరిగేకొద్దీ నార సాగి కిందికి జారుతుంది. ఆ జారుడును ఆమె లోపంగా చూడలేదు, దాన్నే ఆకారంలోకి తీసుకున్నారు. భుజాలు వాలినట్టు, వస్త్రం బరువుగా దిగినట్టు వచ్చే ఆ గాంభీర్యం భూమ్యాకర్షణ ఇచ్చింది. కొన్నింటిని పైకప్పుకు వేలాడదీశారు, కొన్నింటికి లోపల ఇనుప చట్రం పెట్టి నేల మీద నిలిపారు.

1980ల్లో ఈ చేయి పూర్తిగా తిరిగింది. 1982లో 'దేవి', 'రుద్ర'. 1984లో 'యక్షి', 'బసంతి'. ఎదురుగా నిలబడితే ముందు దేవతలా అనిపిస్తుంది. కాసేపటికి మొక్కలా, విచ్చుకున్న మొగ్గలా, ఆ మీదట నిస్సంకోచంగా స్త్రీ పురుష అవయవాల్లా కనిపిస్తుంది. ఈ మూడూ ఒకదాన్నొకటి కాదనవు. దేశంలోని పాత గుళ్లనూ శిల్పాలనూ తిరిగి చూసిన మనిషి ఆమె. అయితే ఏ ఆగమం ప్రకారమూ మూర్తి చేయలేదు. గర్భగుడి చీకట్లోకి అడుగుపెట్టగానే కలిగే ఆ జంకు, ఆ గౌరవం చూసేవాడికి కలగాలన్నదే ఆమె కోరిక. యక్షి అన్న పేరు విని చెట్టుకొమ్మ పట్టుకుని ఒయ్యారంగా నిలబడ్డ రాతి సుందరిని ఊహించుకుని వెళ్తే పొరపాటే. ఇక్కడ చెట్టూ యక్షీ ఒకటే అయిపోయాయి. నా లెక్కన ఇరవయ్యో శతాబ్దపు భారతీయ శిల్పంలో ఇంతకన్నా సాహసమైన పని లేదు.

ఢిల్లీ కళాలోకం వెంటనే చేతులు చాచలేదు. ఆ రోజుల్లో పాశ్చాత్య దేశాల ఇళ్లలో మాక్రమే అనే ముడుల అల్లిక పెద్ద వేలంవెర్రి. పూలకుండీలకు వేలాడే వలలు, గోడకు తగిలించే అలంకారాలు. దాంతో మృణాళిని శిల్పాన్నీ ఆ గంపలోనే వేయడం చాలా మందికి తేలికైంది. చిత్రకళ వాళ్లకు ఇది చేతిపని, హస్తకళల వాళ్లకు ఇది ఉపయోగం లేని వస్తువు. మ్యూజియాలకు ఇంకో భయం కూడా ఉంది. నార దుమ్ము పడుతుంది, వెలుతురుకు రంగు వెలుస్తుంది, పురుగు పట్టొచ్చు, మడిచి దాస్తే ఆకారం పోతుంది. కంచు విగ్రహమైతే ఓ మూల నిలబెట్టి మరిచిపోవచ్చు. నారను రోజూ కనిపెట్టుకుని ఉండాలి.

ఈ దేశంలో ఆమె ఒంటరి కూడా కాదు. బొంబాయిలో నెల్లీ సేఠ్నా, మోనికా కొరియా మగ్గం మీద స్వతంత్ర కళాఖండాలు నేశారు. ఇద్దరికీ దారి చూపిన గురువు అమెరికాలో స్థిరపడ్డ ఫిన్లాండ్ నేతగత్తె మరియానే స్ట్రెంగెల్. నెల్లీ సేఠ్నాతో తెలుగువాళ్లకు రుణానుబంధం ఉంది. ఆమె మన కలంకారీ వెంట పడి, ఆంధ్రలో వేసే, అద్దే ఆ బట్టల మీద 1985లో ఇంగ్లిషులో ఒక పుస్తకం తెచ్చారు. మగ్గం మీద ఆధునిక కళ చేసిన మనిషి కరక్కాయ నీళ్లలో తడిపిన గుడ్డ గురించి, కసిమి నలుపు గురించి, చిరివేరు ఎరుపు గురించి అంత శ్రద్ధగా పట్టించుకోవడం మామూలు సంగతి కాదు. మన దగ్గర ఆమె పేరు దాదాపుగా వినిపించకపోవడం బాధ కలిగిస్తుంది.

మృణాళినిని పరదేశాలే ముందు పిలిచాయి. 1978లో బ్రిటిష్ కౌన్సిల్ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్‌లోని ఫార్నమ్‌లో, వెస్ట్ సర్రే కళాశాలలో శిల్పకళ అభ్యాసం చేశారు. 1986లో సిడ్నీ బియెనాలెలో ఆమె శిల్పాలు నిలిచాయి. 1994లో ఆక్స్‌ఫర్డ్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఆమెకు సొంత ప్రదర్శన ఏర్పాటు చేసింది. నార శిల్పాన్ని వెంటేసుకుని ప్రయాణించడం చిత్రపటాన్ని చుట్టి సంచిలో పెట్టుకోవడం లాంటిది కాదు. వెళ్లిన ప్రతి చోటా మళ్లీ వేలాడదీసి, మడతలు సర్ది, దాని నిలకడ దానికి తిరిగి ఇవ్వాలి.

1996లో నెదర్లాండ్స్‌లోని యూరోపియన్ సెరామిక్ వర్క్ సెంటర్‌కు వెళ్లినప్పుడు ఆమె చేయి మట్టిలో పడింది. తాడుకు ముడి మీద ముడి వేయడం ఎంత నెమ్మదో, పలచగా పరిచిన మట్టిని మడవడం అంత వేగం. పూలరేకులు, ఆకుల పొరలు మట్టిలో వచ్చాయి. నారను మాత్రం వెంటనే వదల్లేదు. మందారం పేరు పెట్టుకున్న 'జౌబా' 2000 నాటిది, జనుము, ఉక్కు కలిపి చేసింది. అదీ ఇప్పుడు టేట్‌లోనే ఉంది. ఆ తర్వాతి పదిహేనేళ్లలో కంచు ఆమె ప్రధాన పదార్థమైంది. మైనంతో ఆకారం చేసి పోతపోయించిన ఆ కంచు తాటిమట్టల్లో, కాడల్లో కూడా పాత అల్లిక గుర్తు పట్టొచ్చు. అంచులు అలాగే చుట్టుకుంటాయి, మడతలు అలాగే బరువుగా దిగుతాయి.

ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా సంగ్రహాలయంలో ఆమె జీవితకాలపు పనితో 'ట్రాన్స్‌ఫిగరేషన్స్' అనే ప్రదర్శన 2015 జనవరి 27న తెరుచుకుంది. పీటర్ నాగీ దాన్ని కూర్చారు. నలభై ఏళ్ల పని ఒక్క చోట నిలిచిన ఆ వారంలోనే, ఫిబ్రవరి 2న, అనారోగ్యంతో మృణాళిని కన్నుమూశారు. అరవై అయిదేళ్లు. సన్నిహితులు 'డిల్లూ' అని పిలుచుకున్న మనిషి, తన శిల్పాల మధ్య జనం తిరగడం తనివితీరా చూడకుండానే వెళ్లిపోయారు.

ఆ పైన జరిగినదంతా వేగంగా జరిగింది. 2019 వేసవిలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తన బ్రాయర్ భవనంలో 'ఫెనామినల్ నేచర్' పేరుతో ఆమె ప్రదర్శన పెట్టింది. 2022లో వెనిస్ బియెనాలె ప్రధాన ప్రదర్శనలో ఆమె నార మూర్తులు నిలిచాయి. 2025లో లండన్ రాయల్ అకాడమీ ఆమెనూ, తల్లిదండ్రులనూ, గురువునూ, సహచరులనూ కలిపి ఒక ప్రదర్శన తెరిచింది. గ్యాలరీ వాళ్లు ఒకప్పుడు చేతిపని అని పక్కకు పెట్టిన సంగతి ఇప్పుడు ఎవరూ ఎత్తరు.

తెలుగునాట ఈ కథ చదివే వాళ్లకు రెండు మాటలు. ఢిల్లీ వెళ్లినప్పుడు ఆధునిక కళా సంగ్రహాలయంలోనో, కిరణ్ నాడార్ మ్యూజియంలోనో మృణాళిని శిల్పం ప్రదర్శనలో ఉందేమో అడగండి. ఉంటే ముందు నుంచి చూసి వచ్చేయకండి. చుట్టూ తిరిగి వెనక వైపు ముడులు చూడండి, ఆమె పనితనం అక్కడ ఇంకా బాగా తెలుస్తుంది. రెండో మాట మన లలితకళల కళాశాలలకు. శిల్పకళ తరగతిలో మట్టి, రాయి, కొయ్య, లోహం ఉన్నాయి, నార కూడా చేర్చండి. పాఠం చెప్పడానికి తాడు పేనే వాళ్లనూ, వల అల్లే వాళ్లనూ, నులక అల్లే వాళ్లనూ జీతమిచ్చి పిలవండి. ఆ చేతులు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి, ఎక్కువ కాలం ఉండవు.